తల పట్టని స్వెటర్

నవంబరు 4, సోమవారం

సింకులో గ్లాసులు లెక్కపెట్టడం ఇవాళ్టితో మానేశాను. ఆయన ఒకసారి నీళ్ళు తాగిన గ్లాసులో రెండోసారి తాగరు. కాస్త కడుక్కుని తాగండి అని చెబుదామని వెళ్ళి, "ఏమండీ" అన్నాను. కంప్యూటర్ మీంచి కళ్ళు తీయకుండానే "ఊఁ" అన్నారు. "ఏం లేదు" అని వచ్చేశాను.

అత్తయ్యకు ఆ ఇబ్బంది లేదు. "ఏరా, ఇంట్లో చుట్టాలెవరైనా దాక్కున్నారా? ఇన్ని గ్లాసులేంటి?" అని నేరుగా అడిగేశారు.

"ఉన్నదాన్ని మార్చకూడదమ్మా. వాడినదాన్ని అలాగే ఉంచేసి కొత్తది తీసుకోవాలి. అప్పుడే ఏది ఎక్కడ పాడయిందో తెలుస్తుంది. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని, నేను నేర్చుకుంటున్న కొత్త పద్ధతి."

"కొత్త పద్ధతి నీకు. తోమేది మాత్రం పాత పద్ధతిలోనే."

ఆయన పాత ఆఫీసు మూతపడిన దగ్గర్నుంచి మా ముందుగదే ఆఫీసు. స్వెటర్లు అల్లే కార్ఖానావాళ్ళు పరీక్షగా ఒక పని ఇచ్చారు. అక్కడి అల్లిక మాస్టారు ఏళ్ళ తరబడి కాగితాల మీద చేత్తో రాసుకున్న అల్లికలను చదివి, యంత్రానికి అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాం రాయాలి. నెలాఖరులోగా యంత్రం ఒక్క స్వెటర్ సరిగ్గా అల్లితే ఆయన ఉద్యోగం ఇక్కడే. లేకపోతే బావగారి ఊరు. అక్కడ తన ఆఫీసులో తమ్ముడి కోసం బావగారు ఒక చోటు అట్టేపెట్టారు. ఉండడానికి ఇంకొకరితో పంచుకునే గది దొరుకుతుందట. అంటే ఆయన అక్కడ, నేనూ అత్తయ్యా ఇక్కడ.

నాకేమీ బాధ లేదు. ఆయన వెళ్తే గ్లాసులు తగ్గుతాయి.

నవంబరు 5, మంగళవారం

మాస్టారి కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు ఇచ్చారు. ఆరో తరగతితో ఆగిపోయినదాన్ని, నావల్ల ఏమవుతుంది అనుకున్నాను. కాగితం చూశాక ధైర్యం వచ్చింది. ఆ చేతిరాత ఎంత చదువుకున్నవాళ్ళకీ అర్థం కాదు కాబట్టి దాని ముందు అందరం సమానమే.

"రెండు సూటి, రెండు తిరగ, వరుస చివరిదాకా ఇలాగే" అని ఉంటుంది. సూటి అంటే ముందు నుంచి వేసే కుట్టు, తిరగ అంటే వెనక నుంచి వేసేది. అక్కడక్కడ బ్రాకెట్లలో మాస్టారి సొంత మాటలు. మొదటి కాగితంలో "టీ తాగి మొదలుపెట్టు" అని ఉంది. రెండో దాంట్లో "వాన. ఊలు ఆరలేదు." మూడో దాంట్లో ఎవరినో తిట్టారు.

"ఇవి కూడా కొట్టాలా అండీ?" అని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు కొట్టెయ్. బ్రాకెట్లలోవి నేను తర్వాత వదిలించేస్తా. యంత్రం టీ తాగదు కదా."

నవ్వొచ్చింది. ఆయన చూడకుండా నవ్వుకున్నాను.

నవంబరు 7, గురువారం

పెళ్ళయిన తర్వాత ఆయన నాతో ఏకధాటిగా మాట్లాడింది ఇవాళే. మాట్లాడింది పార్సర్ గురించి అయితేనేం.

పార్సర్ అంటే చదివి విడదీసేది. అక్షరాల వరుస ఒకటి దాని ముందు పెడతాం. తనకు తెలిసినంత తింటుంది. తిన్నదాని అర్థం ఒక చేత్తో, తినకుండా మిగిల్చిన అక్షరాలు ఇంకో చేత్తో మనకిస్తుంది. అంతే దాని పని. ఒక్క అంకె మాత్రమే తినగలిగేంత చిన్నది కూడా పార్సరే. ఇలాంటి బుల్లివాటిని కలుపుకుంటూ పోతే పెద్దవి అవుతాయి. కలపడానికి మూడు అతుకులు చాలట. ఇది తర్వాత అది. ఇది కాకపోతే అది. ఇదే మళ్ళీ మళ్ళీ.

"అర్థమైందా?" అన్నారు.

"అర్థమైంది" అన్నాను. అర్థం కాలేదు. వంటింట్లో క్యాబేజీ తరుగుతుంటే అర్థమైంది. పరుగున వెళ్ళి చెబుదామనుకున్నాను గాని, చేతిలో కత్తి ఉంది. అలా వెళ్తే బాగుండదు.

ఒక విషయం మాత్రం చెప్పగానే అర్థమైంది. పార్సర్ ఒక దారిలో కొంత తిన్నాక ఇది కుదరదు అనిపిస్తే, తిన్న అక్షరాలన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి, ఏమీ జరగనట్టు మొదటికొచ్చి నిలబడుతుందట. ఇది నాకు చెప్పాలా? "ఏమండీ" అని మొదలుపెట్టి "ఏం లేదు" అని నేను వెనక్కి పెట్టేసిన మాటలతో ఈ ఇల్లు నిండిపోయి ఉంది.

నవంబరు 8, శుక్రవారం

గ్లాసులు.

నవంబరు 10, ఆదివారం

పొద్దున్నుంచి ఆయన ప్రోగ్రాం కదలడం లేదు. తప్పు అనదు, ఒప్పు అనదు. లోపల ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతోంది. ఆయన జుట్టు పీక్కుంటున్నారు. ఇది చూసి నేను వంట సంగతి అడగడానికి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, కూర ఏం చేయమంటారు?"

"నన్నెందుకు అడుగుతావు, వాణ్ణడుగు."

"ఏమండీ, కూర..."

"అమ్మ ఏమంటే అది."

"అత్తయ్యా, మీరేమంటే అదేనట."

"నాదేముంది, తినేవాడు వాడు. వాణ్ణే అడుగు."

నేను నాలుగోసారో ఐదోసారో ముందుగదిలోకి వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడ్డారు. తిడతారేమో అనుకున్నాను. పగలబడి నవ్వారు.

"ఇదే. నా ప్రోగ్రాంలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. కూర్చో."

కూర్చున్నాను. ఆయన రాసింది ఏమిటంటే, వరుస అంటే ముందు ఒక వరుస, దాని తర్వాత ఒక కుట్టు. మరి ఆ ముందు వరుస ఏమిటని అడిగితే, దానికంటే ముందు ఇంకో వరుస, దాని తర్వాత కుట్టు. పాపం, ఒక్క అక్షరమైనా తినకుండానే వరుస అంటే ఏమిటి, వరుస అంటే ఏమిటి అని తనని తనే అడుగుతూ కూర్చుంది.

"మరెలా?" అన్నాను.

"ఎవరో ఒకరు ముందు ఒక్క అక్షరమైనా తినాలి. ఆ తర్వాతే పక్కవాళ్ళని అడగాలి. తినకుండా అడిగితే మన కూర ఈ జన్మకు పొయ్యెక్కదు."

నేను వెళ్ళి ముందు బంగాళదుంపలు తరిగేసి, అప్పుడు అత్తయ్యను అడిగాను.

"తరిగేశాక ఇంకా అడగడమెందుకు?" అన్నారు. కానీ రెండోసారి వడ్డించుకున్నారు.

అదే రోజు, సాయంత్రం

బావగారు ఫోన్ చేశారు. వస్తున్నట్టా, రానట్టా అని అడిగారు.

"అమ్మ ఏమంటే అదే అన్నయ్యా" అన్నారు ఈయన.

అత్తయ్య ఫోన్ తీసుకుని, "నాదేముందిరా. నీ దగ్గరుంటే స్థిరపడతాడు, మంచిదే. కట్టుకున్నదాన్ని కూడా ఒక మాట అడుగు" అని ఫోన్ నా చేతిలో పెట్టారు.

ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. "మీ ఇష్టం బావగారూ" అన్నాను.

బావగారు నవ్వి, "నా ఇష్టమేంటమ్మా, నెలాఖరుదాకా చోటు పట్టి ఉంచుతాను, ఆలోచించుకోండి" అన్నారు.

పొద్దున కూరకీ సాయంత్రం ఫోనుకీ తేడా లేదు. ఎవరూ ఒక్క అక్షరం తినలేదు.

నవంబరు 12, మంగళవారం

ఆరిన బట్టలు మడతపెట్టమని అత్తయ్య ఆయనకు చెప్పారు. మధ్యాహ్నమైనా అవి కుర్చీ మీదే ఉన్నాయి. అడిగితే, ఎవరికైనా చొక్కా కావలసి వచ్చినప్పుడు ఆ ఒక్క చొక్కా మడత సంగతి చూడాలట. అవసరం లేని పని ముందే చేయడం ఈ పద్ధతిలో దండగట.

"మీ నాన్నక్కూడా ఈ పద్ధతి వచ్చురా. మేము దానికి వేరే పేరు పెట్టుకున్నాం" అన్నారు అత్తయ్య.

బట్టలు నేనే మడతపెట్టాను. ఆయన చొక్కాలన్నీ ఒక పక్కగా పెట్టాను. అంటే సూట్‌కేసులో సర్దడానికి వీలుగా అని కాదు. ఊరికే.

నవంబరు 13, బుధవారం

ఆయన కార్ఖానాకు వెళ్ళినప్పుడు కంప్యూటర్ ఖాళీగా ఉంటోంది. అందులో నాకు కాస్త చోటిచ్చి, "ఏదైనా చిన్నది రాసి చూడు. చెడిపోయేదేమీ లేదు. ప్రోగ్రాం ముక్కలకి పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు" అన్నారు. అంకె తినే పార్సర్ రాశాను. ఏడు ఇస్తే ఏడు అంది. అక్షరం ఇస్తే నాకు వద్దంది. చంటిపిల్లకు తినిపిస్తున్నట్టు కాసేపు అదే చేస్తూ కూర్చున్నాను.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పేది కాదు. అత్తయ్య మాటలకు పార్సర్ రాయాలి.

ఆవిడ ఒక పని చెప్పాలంటే ముందు బోలెడు నిష్ఠూరం ఉంటుంది. ఆ తర్వాత ఎవరితోనో పోలిక, కాస్త మోకాళ్ళ నొప్పి. వీటన్నిటి చివర పని. మధ్యలో నాకు భయమేసి, పనేమిటో మర్చిపోతాను. అందుకని నియమం ఇలా పెట్టుకున్నాను. వాక్యంలో చివరి మాట పెట్టు, తే, చూడు, చెయ్ వీటిలో ఒకటైతే అది పని. కాకపోతే నిష్ఠూరం. బ్రాకెట్లలోవి వదిలించడానికి ఆయన రాసిన ముక్క ఉంది కదా, దాన్నే తెచ్చి నిష్ఠూరాన్ని వదిలించడానికి పెట్టాను.

ఇది వేళ్ళకు అలవాటు తప్పకుండా ఉండడానికే.

నవంబరు 15, శుక్రవారం

పనిచేస్తోంది. పొద్దున అత్తయ్య అన్నది గుర్తుపెట్టుకుని అంతా కొట్టాను. "ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మనిషిని. వీళ్ళ చిన్నప్పుడు అన్ని పనులూ ఒంటిచేత్తో చేశాను. అమ్మా నీకెలా ఉంది అని ఎవరైనా అడిగారా. మోకాళ్ళు పట్టేశాయి. ఆ దుప్పటి ఎండలో పెట్టు."

ప్రోగ్రాం అంతా చదివి, "ఆ దుప్పటి ఎండలో పెట్టు" అంది. ఎంత హాయిగా ఉందో. దాని దగ్గర ఒక్క నిష్ఠూరమూ లేదు.

ఇప్పుడు కంప్యూటర్ లేకపోయినా నా తలలోనే అది నడుస్తోంది. అత్తయ్య మొదలుపెట్టగానే చివరి మాట కోసం కాచుకుని ఉంటాను. చెప్పీ చెప్పగానే లేచి వెళ్ళిపోతున్నాను. సాయంత్రం ఆవిడే అన్నారు.

"ఈమధ్య చెప్పిన పని ఇట్టే చేసేస్తున్నావమ్మాయ్."

"అవునత్తయ్యా."

"పని చేస్తున్నావు గానీ, మాట వినట్లేదు."

ఇదీ నిష్ఠూరమే. వదిలేశాను.

నవంబరు 18, సోమవారం

మాస్టారు ఇంటికొచ్చారు. ముందుగదిలో కూర్చుని కంప్యూటర్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశారు.

"బాబూ, నేను రాసిందంతా చదువుతుందా ఇది?"

"అవసరమైనదంతా చదువుతుంది మాస్టారూ."

"నేనేం రాశానో నాకే గుర్తుండదు. నా చేతికి తెలుసు, నాకు తెలీదు. దీనికి చేతుల్లేవుగా మరి" అని టీ తాగి వెళ్ళారు. వెళ్తూ, "అమ్మాయి నా రాత చదివేస్తోందట కదా. నా పిల్లలే చదవలేరు" అన్నారు. నేను తలుపు చాటున ఉన్నాను కాబట్టి సమాధానం చెప్పే అవసరం రాలేదు.

మా ఆయన చిరాగ్గా ఉన్నారు. ఇదే మళ్ళీ మళ్ళీ అనే అతుకుకు ఆశ ఎక్కువట. కుట్లు తినమంటే చివర అంచు కోసం ఉంచాల్సినవి కూడా తినేస్తోంది. ఆ తర్వాత అంచు చదివే ముక్క వచ్చి చూస్తే పళ్ళెం ఖాళీ. మధ్యాహ్నానికి దాన్ని దారిలో పెట్టారు. శనివారం నాటికి మొదటి స్వెటర్ దిగుతుందట.

దిగుతుందో లేదో. దిగితే దిగుతుంది. నాకేం.

నవంబరు 20, బుధవారం

ఆయన అటక మీది సూట్‌కేసు దించారు. దుమ్ము దులపడానికేనట.

నవంబరు 21, గురువారం

పొద్దున అత్తయ్య ఆ సూట్‌కేసు పక్కన కూర్చుని ఏదేదో అన్నారు. నేను చివరి మాట కోసం కాచుకుని ఉన్నాను. చివరి మాట రాలేదు. ఆవిడ ఆగిపోయి, లేచి, స్నానానికి వెళ్ళిపోయారు. ఏ పని చెప్పారో తెలియక నేను అక్కడే నిలబడ్డాను.

మధ్యాహ్నం కంప్యూటర్లో అంతా కొట్టి చూశాను. ప్రోగ్రాం "ఏమీ లేదు" అంది. ఎక్కడో తప్పు రాశాననుకున్నాను. నిష్ఠూరం వదిలించే ముక్క తీసేసి, ఉన్నది ఉన్నట్టు చదివి చూపించమన్నాను. చూపించింది.

"వీడు చిన్నప్పుడు బడికి బయల్దేరి గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చేవాడు. ఏదో మర్చిపోయానని నా కొంగు పట్టుకునేవాడు. పెద్దాడు అలా కాదు, వెళ్ళాడంటే వెళ్ళాడే. ఆ ఊళ్ళో చలి ఎక్కువట. వీడికి చలి పడదు. అమ్మా, నీకెలా ఉంది అని ఎవరైనా అడిగారా."

ఇదంతా ఆవిడ పొద్దున నా ముందు కూర్చుని చెప్పారు. నేను అక్కడే ఉన్నాను.

ఇదివరకు కొట్టినవి కూడా తీసి చదివాను. దుప్పటి ఎండలో పెట్టమన్న రోజూ అడిగారా అనే ఉంది. బియ్యం బాగు చెయ్ అన్న రోజూ ఉంది. నేను అన్నిటినీ వదిలించేశాను.

అత్తయ్యకు ఆయన వెళ్ళడం ఇష్టం లేదు. మరి ఫోన్లో మంచిదే అన్నారు. నేనేమో మీ ఇష్టం అన్నాను. ఆయన అమ్మ ఏమంటే అది అన్నారు.

సాయంత్రం అత్తయ్య మోకాళ్ళకు నూనె రాస్తానన్నాను. "పనేం లేదా నీకు?" అన్నారు. కాళ్ళు మాత్రం చాపారు.

నవంబరు 22, శుక్రవారం

ఏమండీ అన్నాను. ఊఁ అన్నారు. ఏం లేదు అన్నాను.

నవంబరు 23, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆయన మధ్యాహ్నం కార్ఖానా నుంచి స్వెటర్ తెచ్చారు. నీలం రంగు. అంచులు చక్కగా ఉన్నాయి, వరుసలు గీత గీసినట్టు ఉన్నాయి. ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూడు, ఒక్క కుట్టు తప్పలేదు" అని అక్కడికక్కడే తొడుక్కోబోయారు. చేతులు దూరాయి. తల దూరింది. దూరి అక్కడే ఆగిపోయింది.

మెడ మరీ బిగువుగా ఉంది. ముక్కు వరకు కూడా రాలేదు. చేతులు రెండూ పైకి లేచి ఉన్నాయి, తల ఉండవలసిన చోట నీలం ఊలు ముద్ద ఉంది. ఆ ముద్దలోంచి, "లాగు" అని వినిపించింది.

కిందికి లాగాను. "చెవులు, చెవులు" అన్నారు. పైకి లాగాను. "ముక్కు" అన్నారు. ఆయన గుండ్రంగా తిరుగుతున్నారు, నేను పట్టుకుని వెంట తిరుగుతున్నాను. అప్పుడు తట్టింది. పెళ్ళైన తర్వాత మొదటిసారి నేను ఆయనకు ఇంత దగ్గరగా, పట్టపగలు, తలెత్తి నిలబడి ఉన్నాను. ఆయనకు నేను కనబడను. ఆయన ముఖం నాకు కనబడదు.

"ఏమండీ" అన్నాను.

"ఊఁ" అంది ఊలు ముద్ద.

"మీరు బావగారి ఊరు వెళ్ళకండి."

తిరగడం ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఏం లే..."

"వెనక్కి పెట్టేయకు. తిన్నాక తిన్నదే. మళ్ళీ అను."

"వెళ్ళకండి. యంత్రం అల్లినా, అల్లకపోయినా."

"నేను వెళ్తానని ఎప్పుడన్నాను?"

"వెళ్ళననీ అనలేదు. సూట్‌కేసు దించారు."

"దుమ్ము దులపడానికని చెప్పాగా."

"దులపలేదుగా."

"నువ్వే కదా అన్నయ్యతో మీ ఇష్టం అన్నావు. నీకు నేను వెళ్ళినా ఒకటే, ఉన్నా ఒకటే అనుకున్నా. అమ్మ కూడా మంచిదే అంది."

"మంచిదేనని అంటారు. అలా అని మీరు వెళ్ళిపోతే ఎలా?"

ఇది అన్నది నేను కాదు. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉన్నారు. ఆవిడ కొడుకుని మీరు అనడం నేనెప్పుడూ వినలేదు. తలలేని మనిషితో మాట్లాడుతున్నందుకేమో.

"నీకిష్టం లేదా అమ్మా?" అంది ఊలు ముద్ద, అత్తయ్య లేనివైపు తిరిగి.

"నన్నెవరైనా అడిగారా?" అన్నారు అత్తయ్య.

నేను అడిగాను. "అత్తయ్యా, మీకెలా ఉంది?" అన్నాను.

ఆవిడ నా వంక చూశారు. కళ్ళు తుడుచుకుని, "నాకేం, బాగానే ఉన్నా. వీడికి ఊపిరాడుతోందో లేదో ముందది చూడు" అని కత్తెర తెచ్చారు. కత్తెర చప్పుడు విని ఆయన గోల పెట్టారు.

"కొయ్యొద్దమ్మా. ఉన్నదాన్ని మార్చకూడదు."

"అయితే నీ తల మార్చనా?"

చివరికి అత్తయ్య నడుము పట్టుకున్నారు, నేను స్వెటర్ పట్టుకున్నాను. ఆయన ఎర్రటి చెవులతో బయటపడ్డారు. జుట్టంతా నిక్కబొడుచుకుంది. నా వంక చూశారు. నేను వంటింట్లోకి పరిగెత్తాను.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

ఇందాక మెడ సంగతి రాయడం మర్చిపోయాను. కాసేపయ్యాక ఆయన పిలిచి, మాస్టారి కాగితం తీసి మెడ వరుసలు చదవమన్నారు. చదివాను. వరుస పక్కన బ్రాకెట్లో ఉంది. "ఇక్కడ చెయ్యి బాగా వదలాలి. లేకపోతే తల పట్టదు."

అది నేనే కొట్టాను. ఆయనే వదిలించారు. మొదట చూసిన కాగితాల్లో టీలూ వానలూ ఉన్నాయని, బ్రాకెట్లన్నీ అలాంటివే అనుకున్నారట.

"నేను పారేసినవాటిలోనే ఉంది" అని తల పట్టుకున్నారు. నేనూ అలాగే కూర్చున్నాను. అత్తయ్య మాటల పార్సర్ సంగతి మాత్రం చెప్పలేదు. కొన్ని చెప్పకూడదు.

నవంబరు 24, ఆదివారం

ఆయన బావగారికి ఫోన్ చేశారు. "నేను రావట్లేదు అన్నయ్యా" అన్నారు. బావగారు ఏదో అడిగారు. "ఎవరి ఇష్టమా? ముగ్గురిదీ" అన్నారు.

స్వెటర్ కుదరకపోతే ఈ ఊళ్ళోనే ఇంకేదైనా వెతుక్కుంటారట. సూట్‌కేసు అటకెక్కింది. దుమ్ముతోనే.

నవంబరు 26, మంగళవారం

ఇప్పుడు బ్రాకెట్లు కూడా చదవాలి. చెయ్యి వదులు అంటే యంత్రం బిగువు తగ్గించాలి. ఊలు మార్చు అంటే ఆగాలి. మాస్టారు ఒకే సంగతిని రోజుకో రకంగా రాశారు. చెయ్యి వదులు, చెయ్యి సడలించు, గట్టిగా లాగకు నాయనా. వీటన్నిటికీ వేర్వేరు దారులు పెట్టాలి. ఇది కాకపోతే అది, అది కాకపోతే ఇంకొకటి.

"టీ తాగి మొదలుపెట్టుని ఏం చేస్తారు?" అని అడిగాను.

"అదీ చదువుతుంది. చదివి యంత్రం మీద చూపిస్తుంది. ఇకనుంచి ఏదీ చదవకుండా పారేయను."

ఈ ఒక్క స్వెటర్ కాగితం వరకు ఆయన రాసుకుంటున్నారు. మిగతా కాగితాల్లో బ్రాకెట్లు ఇంకా బోలెడు ఉన్నాయి. వాటికి దారులు రాయడానికి ఒక మనిషి కావాలి, మాస్టారి ధోరణి తెలిసిన మనిషి కావాలి అని తనలో తను అనుకుంటున్నారు.

నాకేమీ కోరిక లేదు. ఊరికే పక్కన కూర్చుని చూశాను.

నవంబరు 29, శుక్రవారం

యంత్రం అల్లింది. కార్ఖానా యజమానురాలు, పనివాళ్ళు, అందరూ చుట్టూ నిలబడ్డారట. యంత్రానికి ఉన్న చిన్న తెర మీద అన్నిటికంటే ముందు "టీ తాగి మొదలుపెట్టు" అని వచ్చిందట. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. మాస్టారు మాత్రం, "చెప్పింది కదా" అని అందర్నీ టీకి తీసుకెళ్ళారట. తాగి వచ్చాకే మీట నొక్కారు.

స్వెటర్ దిగగానే మాస్టారు తన తలే దూర్చి చూసుకున్నారు. ఇట్టే దూరి ఇట్టే బయటికొచ్చిందట. ఒకటో తారీఖు నుంచి మా ఆయనకు అక్కడే ఉద్యోగం.

అత్తయ్య విని, "ఏదో, తలైతే పట్టింది కదా" అన్నారు. సాయంత్రం అడగకుండానే కూర తనే తరిగేశారు. తరిగేశాక, ఏం చేయమంటావు అని నన్ను అడిగారు.

నవంబరు 30, శనివారం

పొద్దున్నుంచి ఏమండీ అని ఎన్నోసార్లు అన్నాను. అన్నిసార్లూ ఏం లేదు అన్నాను. మిగతా బ్రాకెట్లు నేను రాస్తాను, కార్ఖానావాళ్ళతో నా గురించి చెప్పండి. ఇంతే మాట. తరిగిన బంగాళదుంప అంత మాట. నోట్లోంచి రాదు.

మధ్యాహ్నం బీరువా తీశాను. నీలం స్వెటర్, ఆ తల పట్టనిది, మడతపెట్టి పైనే ఉంది. దాన్ని తీసుకుని ముందుగదిలోకి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

ఆయన స్వెటర్ వంక చూశారు. నా వంక చూశారు. తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి, ఒకసారి చెవులు తడుముకున్నారు. చేతులు పైకెత్తి తల దూర్చేశారు.

"ఊఁ, చెప్పు" అన్నారు లోపల్నుంచి.